బాకీ పుస్తకం చివరి పేజీలో నా నాలుగు పళ్ళు

మా అంగడి బాకీల పుస్తకంలో చివరి పేజీ నా పళ్ళది. ముందు పేజీలన్నీ మా ఆయన చేతిరాత: ఎవరింటికి ఎన్ని కేజీల నిప్పట్లు పోయినాయి, ఎవరు సంక్రాంతి నుంచి లెక్క తేల్చలేదు, ఇట్లాంటివి. చివరి పేజీ మాత్రం నేను రాసుకున్నది. పైన "2009 మార్చి, తిరుపతి, నాలుగు పళ్ళు, లైటు సిమెంటు, ఒక్కోటి 600" అని ఉంటుంది, పుచ్చిన గుంటల్లో సిమెంటు నింపించుకున్న లెక్క. దాని కింద ఏ పన్నుకు ఏ సంవత్సరం ఏమైందో వరసగా. పుస్తకం నిండిపోయినప్పుడల్లా ఆ పేజీని కత్తిరించి కొత్త పుస్తకం వెనకట్టకు అంటించుకుంటా వచ్చినాను. నూనె మరకలు, మైదా బంక కలిసి అదిప్పుడు కాగితం కంటే అప్పడానికే దగ్గర.

పోయిన వారం పలమనేరు నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. కింది దవడ పన్ను పుచ్చిందంట, డాక్టరు తెల్ల సిమెంటు పెడతానన్నాడంట. "అక్కా, నువ్వు ఎప్పుడో పెట్టించుకున్నావే, అది ఎన్నేళ్ళు వస్తుంది? ముందు పళ్ళకైతే సరే, వెనక పళ్ళకు నిలవదంటున్నారే అందరూ" అని అడిగింది. పొయ్యి మీద నూనె కాగుతా ఉంది. పదేళ్ళు గ్యారంటీగా వస్తుంది పోవే అని చెప్పి పెట్టేసినాను. రాత్రి ఆ పేజీ తీసి చూసుకుంటే నా మాట నాకే తప్పని తెలిసింది. నా నాలుగింటిలో ఒకటి ఏడేళ్ళకే పోయింది. ఒకటి పన్నెండేళ్ళకు మూల విరిగింది. రెండు పదిహేడో ఏడు నిండబోతున్నా చెక్కు చెదరకుండా కూర్చోనున్నాయి. ఒకే నోరు, ఒకే డాక్టరమ్మ, ఒకే నెల, ఒకే సిమెంటు. ఇంక ఎన్నేళ్ళని చెప్పేది?

నేను చిత్తూరులో సంతపేట పక్కన ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతాను. నిప్పట్లు, మురుకులు, కజ్జికాయలు, అరిసెలు, శెనక్కాయల ఉండలు, బొరుగుల ఉండలు. మే నెలలో గంగమ్మ జాతరకు, ఆడికృత్తికకు, సంక్రాంతికి నిద్ర ఉండదు. పెళ్ళికి ముందు తిరుపతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినాను. ఆ చదువు పాకం పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదని మా అత్త కడదాకా అనేది. పళ్ళ దగ్గర మాత్రం కొంచెం అక్కరకొచ్చింది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాల. తెల్లగా ఉన్నదంతా ఒకటే సిమెంటు కాదు. 2004లో కింద కుడి పక్క దవడ పన్నుకు మా ఊర్లోనే 150 రూపాయలకు తెల్ల సిమెంటు పెట్టించుకున్నాను. పొడీ నీళ్ళ మందూ చిన్న కాగితం మీద కలిపి, పిండి ముద్దలా చేసి గుంటలో అదిమినారు. ఐదు నిమిషాల పని. ఏడాది తిరిగేసరికి నాలుకతో తడిమితే పల్లం తెలుస్తా ఉంది. రెండేళ్ళకు పల్లం గుంత అయింది, మూడేళ్ళకు గుంతలో శనగబేడ ఇరుక్కునేంత చోటు. అప్పటి నుంచి నేను కూడా 'తెల్లది వెనక పళ్ళకు నిలవదు' అని కనపడినవాళ్ళకల్లా చెప్పుకుంటా తిరిగినాను. అది లైటు సిమెంటే కాదని తెలిసింది ఐదేళ్ళ తరువాత. దాని పేరు గ్లాస్ అయానమర్. ఇంగ్లండులో కనిపెట్టి 1972లో లోకానికి చెప్పినారు. పంటికి తనంతట తానే పట్టుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, కాస్త తడి తగిలినా ఓర్చుకుంటుంది. పిల్లల పాలపళ్ళకూ చిగురు వారన పడే గుంటలకూ మంచిదే. రోజూ నమిలే దవడ పన్ను నడినెత్తిన పెడితే మాత్రం అరిగిపోతుంది. పెట్టినవాళ్ళను అనేదానికి లేదు, తక్కువలో అయిపోవాలని అడిగింది నేనే.

రెండోది కాంపోజిట్. మనవాళ్ళు లైటు సిమెంటు అంటారు. దీనికి పొడీ నీళ్ళూ కలిపే పనే లేదు. మెత్తటి బంకలా ట్యూబులో నుంచి వస్తుంది, నీలం లైటు కొడితే రాయి అవుతుంది. బంకేమో బిస్-జీఎంఏ అనే రెసిన్. అమెరికాలో బోవెన్ అనే ఆయన దీనికి 1962లో పేటెంటు తీసుకున్నాడు. ఆ బంకలో సన్నటి గాజు పొడి కలిపి ఉంటుంది, బరువులో చూస్తే బంక కంటే పొడే చాలా ఎక్కువ. బోవెన్ కంటే ముందు, 1955లో, బ్యూనకోర్ అనే పళ్ళ డాక్టరు ఇంకో పని చేసి పెట్టినాడు. ఇనుప రేకులకు రంగు బాగా పట్టాలని ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తారే, అదే పంటి పైపెంకుకు, ఎనామిల్‌కి, పూసి చూసినాడు. నున్నటి ఎనామిల్ కంటికి కనపడనంత సన్నగా గరుకెక్కి, రెసిన్‌ను గట్టిగా పట్టుకుంది. ఇది చదివిన రోజు మా గోడకు సున్నం వేసే ముందు మేస్త్రీ ఉప్పుకాగితం పట్టేది గుర్తొచ్చి నవ్వుకున్నాను.

వెనక పళ్ళకు నిలవదనే మాట ఎక్కడినుంచి వచ్చిందంటే, 1970ల్లో 80ల్లో వచ్చిన కాంపోజిట్‌లలో గాజు పలుకులు పెద్దవి. నమిలేకొద్దీ పలుకులు ఊడి, మధ్యలో బంక అరిగి, సిమెంటు కుంగిపోయేది. తరువాత పలుకుల్ని బాగా సన్నం చేసినారు, అరుగుడు చాలావరకు ఆగిపోయింది. మందు మారి ఎన్నో ఏళ్ళయినా మాట మాత్రం మారలేదు.

2009కి వద్దాం. అప్పుడు తిరుపతి కూడా మా చిత్తూరు జిల్లానే. మాకు వేలూరే దగ్గర, కానీ మా చెల్లెలు కొర్లగుంటలో ఉంటుంది, వాళ్ళకు తెలిసిన డాక్టరమ్మ ఉందని పిలిచింది. పొద్దున్నే బస్సెక్కి పూతలపట్టు, చంద్రగిరి మీద పోయినాను. డాక్టరమ్మ పళ్ళకు నెంబర్లు చెప్పి చీటీ రాసింది, ఆ నెంబర్లే నా పేజీలోనూ ఉన్నాయి. నోటిని నాలుగు వీధులుగా పంచుకుంటారు. పైన కుడి ఒకటో వీధి, పైన ఎడమ రెండు, కింద ఎడమ మూడు, కింద కుడి నాలుగు. ముందు పన్ను నుంచి లెక్కపెడితే ఎన్నో ఇల్లో రెండో అంకె. నావి 36, 46, 26, 17. మొదటి రెండూ కింది దవడ పళ్ళు, తరువాతిది పైన ఎడమ దవడ పన్ను, చివరిది పైన కుడి పక్క బాగా లోపల.

36లోనూ 17లోనూ నడినెత్తిన చిన్న గుంటలు. 46లో పాత గ్లాస్ అయానమర్ అరిగిపోయిన పెద్ద గొయ్యి. 26లో పుచ్చు నెత్తిన కాదు, పక్క పన్నుకు ఆనుకున్న సందులో మొదలై చిగురు దాకా దిగింది. ఈ నాలుగు చోట్ల గురించి ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, తరువాత పదిహేడేళ్ళ కథంతా ఈ నాలుగు చోట్లలోనే ఉంది.

పని చూడాలని నాకు ఆశ. అద్దం పట్టుకుంటానంటే డాక్టరమ్మ నవ్వి చేతికిచ్చింది. బుగ్గ లోపల దూది చుట్టలు పెట్టింది. పుచ్చు గీకేసినాక నీలం రంగు జిగురు పూసి పదిహేను లెక్కపెట్టింది, అదే యాసిడ్. కడిగి గాలి కొట్టింది. ఎనామిల్ ముగ్గుపిండి పూసినట్టు తెల్లగా పాలిపోయింది. అప్పుడు సన్నటి కుంచెతో ఒక ద్రవం పూసి లైటు కొట్టింది. ఆ తరువాత సిమెంటు కొంచెం కొంచెంగా, వరసకు రెండు మిల్లీమీటర్లకు మించకుండా, ప్రతి వరసకూ ఇరవై సెకన్లు లైటు.

"అంతా ఒకేసారి పెట్టి కొట్టేయొచ్చు కదా మేడం" అన్నాను, నోట్లో దూదితో.

"లైటు అడుగుదాకా పోదమ్మా. పైన గట్టిపడి కింద పచ్చిగా ఉంటుంది. ఇంకోటి, గట్టిపడేటప్పుడు ఇది కుంచించుకుపోతుంది."

ఆ కుంచించుకుపోవడం నాకు వెంటనే అర్థమైంది. నెయ్యి రాసిన పళ్ళెంలో పాకం పోసి శెనక్కాయ చెక్కీ ఆరబెడితే, చల్లారేటప్పుడు అంచు పళ్ళాన్ని వదిలేసి ఒక వెంట్రుకంత సందు వస్తుంది. కాంపోజిట్ పరిమాణంలో రెండు మూడు శాతం దాకా తగ్గుతుంది. చెక్కీకి సందొస్తే మనకు తీసుకునే పని సులువు, పంటికి సందొస్తే దాంట్లోకి నోట్లో ఉన్నదంతా దిగుతుంది. అందుకే వరసలు వరసలుగా పెట్టేది. ఇప్పుడు నాలుగు మిల్లీమీటర్లు ఒకేసారి పెట్టగలిగే రకాలూ వచ్చినాయి.

ఒక్క 26 దగ్గర డాక్టరమ్మ చాలా అవస్థ పడింది. రెండు పళ్ళ మధ్య సన్నటి రేకు దూర్చి, చెక్క మేకు లాంటిది సందులో బిగించి, ఆ రేకు గోడకు ఆనించి సిమెంటు కట్టాల. గుంట చిగురు కిందికి పోయింది, చిగురు నుంచి కొంచెం రక్తం ఊరతా ఉంది. దూది మార్చింది, మళ్ళీ ఊరింది. మూడోసారి దూది మార్చి పని ముగించింది. ఆ పూట చీకటి పడింది, నాకేమో చివరి బస్సు భయం. "కానీండి మేడం, పర్వాలేదు" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని పేజీలో రాసుకోలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

2013 ప్రాంతంలో 26 పక్కన చింతాకు పీచు, కొబ్బరి, ఏది తిన్నా ఇరుక్కునేది. చీపురుపుల్లతో తీసుకునేదాన్ని. రెండు పళ్ళూ ఒకదానికొకటి గట్టిగా ఆనుకోని ఉండాల, సందులు శుభ్రం చేసుకునే దారం మధ్యలో 'టక్' మని దిగాల. నాకు దారం ఊరికే జారిపోయేది. 2016లో చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంది. ఎక్స్‌రే ఫోటో తీస్తే సిమెంటు బాగానే ఉంది, దాని అడుగు అంచున పన్ను కొత్తగా పుచ్చింది.

ఆ రోజు మాటలు నాకింకా వినపడతాయి.

"తీపి ఎక్కువ తింటారా అమ్మా?"

"లేదు మేడం. నాకు తీపంటేనే పడదు. కాఫీలో కూడా చక్కెర వేసుకోను."

నిజమే చెప్పినాను. ఆమె నా కుడి చేతి వేళ్ళ మీద పాకం కాలిన మచ్చలు చూసి, ఏం పని చేస్తారని అడిగింది. చెప్పినాను.

"పాకం వచ్చిందని ఎట్ల తెలుస్తుంది?"

"నీళ్ళ గిన్నెలో చుక్క వేసి ఉండ చేస్తాను."

"ఆ ఉండ ఏం చేస్తారు?"

"నోట్లో వేసుకోని కొరుకుతా. పంటికి అతుక్కుంటే ఇంకా రాలేదని. టక్ మని విరిగితే దించేయొచ్చు."

"ఏ పక్క?"

ఆలోచించినాను. ఎడమ పక్క. కుడి చేతిలో ఎప్పుడూ గరిటె ఉంటుంది, ఎడమ చేత్తో ఎడమ దవడకే వేసుకుంటాను.

"రోజుకు ఎన్నిసార్లు?"

మామూలు రోజు పది. ఆడికృత్తిక ముందు వారంలో ముప్పై, నలభై. అంకె చెప్పేటప్పటికే నా కెమిస్ట్రీ నాకు గుర్తొచ్చింది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు చక్కెర తిని ఆమ్లం వదులుతాయి. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; అది 5.5 కంటే దిగితే ఎనామిల్ కరగడం మొదలుపెడుతుంది. లాలాజలం దాన్ని మళ్ళీ మామూలుకు తెచ్చేదానికి అరగంటో గంటో పడుతుంది. తింటే ఒకసారి లడ్డు తిని ఊరుకోవచ్చు, అది ఒక గంట నష్టం. నేను గోరంత బెల్లం ఉండను ఇరవై నిమిషాలకోసారి వేసుకుంటా పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా నా నోటిని పులుపులోనే నానబెట్టినాను. తీపి తినని మనిషిని!

మా అత్త పాకం ఉండను ఎప్పుడూ నోట్లో వేసుకునేది కాదు. స్టీలు పళ్ళెంకేసి కొట్టేది. టంగుమంటే వచ్చినట్టు, చప్పగా పడితే రానట్టు. ఆ పద్ధతి నాకు చూపించింది కూడా. పళ్ళెం కడగాలని బద్ధకించి నేను పంటిని పళ్ళెం చేసినాను. 2016 నుంచి పళ్ళెమే వాడుతున్నాను.

26ను మళ్ళీ కట్టినారు, ఈసారి 1,500. కానీ ఈసారి డాక్టరమ్మ చిగురు నెమ్మదించే దాకా వారం ఆగి రమ్మనింది. దూదికి బదులు పల్చటి రబ్బరు గుడ్డకు చిల్లు పెట్టి, పన్ను ఒక్కటే పైకి వచ్చేటట్టు బిగించింది. రబ్బరు డ్యామ్ అంటారు. నోరంతా గుడ్డ వెనక ఉంటుంది, పన్ను మాత్రం ఎండకు పెట్టిన ఒడియంలా పొడిగా బయట. మింగడానికి ఇబ్బందిగా ఉంటుంది, ముక్కుతో గాలి పీల్చుకోవాల. ఆ నలభై నిమిషాలు నాకు నచ్చలేదు. కట్టి పదేళ్ళవుతోంది, దారం ఇప్పుడు టక్ మనే దిగుతుంది.

అదే ఎడమ పక్క, అదే పాకం ఉండల కింద 36 ఎట్ల నిలిచింది? చుట్టూ ఎనామిల్ గోడలున్న చిన్న గుంట, చిగురుకు దూరం, బ్రష్ ఎప్పుడూ తగిలే చోటు. యాసిడ్ పూసి పెట్టిన సిమెంటు ఎనామిల్ మీద పట్టినంత గట్టిగా దాని కింద ఉండే లోపలి పొర, డెంటిన్, మీద పట్టదు. డెంటిన్‌లో తడి ఉంటుంది, ఆ పట్టు ఏళ్ళు గడిచేకొద్దీ నెమ్మదిగా సడలుతుంది. సందుల్లో అడుగు అంచుకు పోతే ఎనామిల్ పల్చగా ఉంటుంది, కొన్నిచోట్ల ఉండనే ఉండదు. నా పేజీలో పోయింది సందులో కట్టినది, నిలిచినవి నెత్తిన కట్టినవి. ఇది నా ఒక్కదాని నోటి లెక్క మాత్రమే కాదు, పన్నులో ఎన్ని ముఖాలు సిమెంటుతో కడితే అంత తొందరగా పోయే అవకాశం ఉంటుందని పెద్ద పరిశోధనలూ చెప్తాయి.

ఆ లెక్కలూ చూసినాను. 2014లో 12 పరిశోధనలు కలిపి, వెనక పళ్ళలో పెట్టిన 2,816 కాంపోజిట్‌లను లెక్కగట్టినారు. ఐదేళ్ళ దగ్గర చూస్తే ఏడాదికి 1.8 శాతం, పదేళ్ళ దగ్గర చూస్తే ఏడాదికి 2.4 శాతం పోతున్నాయి. అంటే వందలో డెబ్భై ఎనిమిదికి అటూ ఇటూ పదేళ్ళు దాటుతాయి. పుచ్చు ఎక్కువగా వచ్చే నోళ్ళలో ఇంకా తొందరగా పోతాయి. బ్రెజిల్‌లో 22 ఏళ్ళు వెంటబడి చూసిన లెక్క ఒకటి 2011లో వచ్చింది. వాళ్ళు వాడిన రెండు రకాల కాంపోజిట్‌లలో ఒకటి ఏడాదికి 1.5 శాతం, ఇంకోటి 2.2 శాతం పోయినాయి. తోడికోడలికి నేను చెప్పిన 'గ్యారంటీగా' అనే మాట ఈ అంకెల్లో ఎక్కడా లేదు.

మరి వెండి సిమెంటు? మా అన్నకు 1988లో పెట్టిన వెండి సిమెంటు ఇప్పటికీ ఉంది. నల్లగా ఉంటుంది, నవ్వితే కనపడుతుంది, కానీ చెరుకు గడ కొరుకుతాడు. సంక్రాంతికి వచ్చినప్పుడల్లా నన్ను ఎగతాళి చేస్తాడు. పోర్చుగల్‌లో లిస్బన్ పిల్లల మీద చేసిన పరిశోధనలో, 2007 నాటి లెక్క, ఏడేళ్ళు నిలిచినవి వెండిలో 94.4 శాతం, కాంపోజిట్‌లో 85.5 శాతం. సిమెంటు పక్కన పన్ను మళ్ళీ పుచ్చే ప్రమాదం కాంపోజిట్‌కు మూడున్నర రెట్లు. అన్న మాట అబద్ధమేమీ కాదు. వెండి సిమెంటుకు ఒక చిత్రమైన గుణం ఉంది. అది పంటికి అతుక్కోదు, గుంటను లోపల వెడల్పుగా తొలిచి ఇరికించాల. కానీ నోట్లో మెల్లగా తుప్పు పడుతుంది, ఆ తుప్పే అంచున ఉన్న సందును పూడ్చేస్తుంది. తప్పు చేసి తానే సర్దుకునే రకం. కాంపోజిట్‌కు ఆ విద్య రాదు, మొదటి రోజు ఎట్ల అతికితే అంతే.

అయినా వెండి సిమెంటు రోజులు అయిపోతున్నాయి. దాంట్లో బరువుకు సగం పాదరసం. పాదరసాన్ని లోకమంతా తగ్గించాలని మినమాటా ఒప్పందం 2013లో చేసుకున్నారు, మన దేశం 2018లో చేరింది. యూరప్ కూటమి 2025 జనవరి నుంచి ఆపేసింది. 2025 నవంబరులో జెనీవాలో కూర్చోని, 2034 నాటికి పళ్ళకు పాదరసం వాడేది అన్ని దేశాల్లోనూ ఆపాలని తీర్మానించినారు. అన్న విని బెదిరిపోయి 'నాది తీయించేయాల్నా' అన్నాడు. బాగున్నదాన్ని పనిగట్టుకోని తీయించుకోవద్దనే చెప్తారు, తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువ. ఉండనీ అన్నాను. చెరుకు మాత్రం తగ్గించమన్నాను, వినలేదు.

ఇంక 46. ఇది 2021 జూన్ సంగతి. నిప్పట్టులో సరిగా నానని శనగబేడ ఒకటి పడింది. నా చేతి నిప్పట్టే, ఎవరిని తిట్టేది? కడక్ మని లోపలి మూల విరిగింది, సగం పన్ను ముక్క, సగం సిమెంటు ముక్క. అది కర్ఫ్యూ కాలం, మధ్యాహ్నం పన్నెండు దాటితే రోడ్డు మీదికి పోకూడదు, తిరుపతి పోయి రావడం కుదరదు. మా ఊర్లోనే ఒకచోట చూపించినాను. "పన్నెండేళ్ళ సిమెంటు కదా, కాలం తీరిపోయింది. మొత్తం తీసేసి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేద్దాం, 9,000" అన్నారు. నొప్పి లేదు, చల్లనీళ్ళకు జివ్వనేదీ లేదు. నాకు మనసొప్పలేదు. వంకర మూలను నాలుకతో తడుముకుంటా నెలన్నర గడిపినాను.

ఆగస్టులో డాక్టరమ్మ చూసి, పెద్ద లైటు కింద మొన కడ్డీతో అంచంతా గీకి చూసి, మిగతాదంతా గట్టిగానే ఉంది కదమ్మా అనింది. విరిగిన చోట పాత సిమెంటును గరుకు చేసింది, యాసిడ్ పూసింది, ఇంకేదో రెండు పూతలు వేసింది, ఆ మూల ఒక్కటీ కొత్తగా కట్టింది. 800 రూపాయలు. పాతదాన్ని మొత్తం తీస్తే ఏమవుతుందో ఆమె అప్పుడే చెప్పింది. పంటి రంగులోనే ఉంటుంది కాబట్టి ఎక్కడ సిమెంటు అయిపోయి ఎక్కడ పన్ను మొదలయిందో తొలిచేటప్పుడు సరిగా కనపడదు, మంచి పన్ను కూడా కొంచెం పోతుంది. ఒక్కోసారి తీసి కట్టేకొద్దీ గుంట పెద్దదవుతుంది, గోడలు పల్చనవుతాయి, అప్పుడు నిజంగానే క్యాపు దాకా పోవాల్సి వస్తుంది. కనపడకూడదనే కదా తెల్లది పెట్టించుకునేది, ఆ కనపడకపోవడమే తీసేటప్పుడు శత్రువు. అతుకు వేయడం కుదిరే చోట అతుకే మేలు. మా ఆయన ఇరవై ఏళ్ళ స్కూటరుకు చేయించేదీ అదే.

అన్నిటికీ అతుకు కుదరదు. లోపల మళ్ళీ పుచ్చి ఉంటే, సిమెంటు కదులుతుంటే, రాత్రిళ్ళు నొప్పి లేపుతుంటే తీయాల్సిందే. ఆ తేడా కంటితో తెలియదు. 17 అంచు చుట్టూ గోధుమరంగు గీత వచ్చి ఆరేడేళ్ళయింది. నేను భయపడినాను, పుచ్చేమోనని. అది మరక. అంచున కాఫీ దిగిన మరకకూ పన్ను మెత్తబడిన పుచ్చుకూ తేడా ఉందని, ఫోటో తీసి, కడ్డీతో చూసి తేల్చింది. 17 నిలబడినందుకు ఆమెకే ఆశ్చర్యం. అంత లోపలి పన్నుకు లైటు నిటారుగా ఆనించడం కష్టం, ఆ రోజు నా నోరు కూడా సరిగా తెరుచుకోలేదు.

ఫిబ్రవరిలో మొన్న పోయినప్పుడు 36నూ 17నూ మళ్ళీ చూసింది. ఇంటికొచ్చి పేజీలో రాసినాను: "2026 ఫిబ్రవరి. 36 బాగుంది. 17 మరక మాత్రమే. 46 అతుకు గట్టిగా ఉంది. 26 దారం టక్." రాయడానికి కింద ఇంక రెండు వేళ్ళ చోటే మిగిలింది.

రాత్రి పేజీ చూసుకున్నాక పలమనేరుకు మళ్ళీ ఫోన్ చేసినాను. పదేళ్ళ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పినాను. పుచ్చు నెత్తిన ఉందా సందులో ఉందా, పెట్టేది లైటు సిమెంటా వేరేదా, పన్ను పొడిగా ఉండేదానికి ఏం చేస్తారు, ఇవి అడగమన్నాను. రబ్బరు గుడ్డ అంటే ఇబ్బంది అని తప్పించుకోవద్దన్నాను. బస్సు ఉందని తొందర పెట్టొద్దని గట్టిగా చెప్పినాను. "నువ్వు రోజంతా నోట్లో ఏం వేసుకుంటావే?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. కుట్టు మిషను దగ్గర కూర్చోని చప్పరించే పిప్పరమెంటు బిళ్ళలు, రోజుకు ఒక పాకెట్టు.

ఈ పొద్దు మళ్ళీ చేసింది. నిన్ననే అయిపోయిందంట, ఎడమ పక్క కింద, సందులోదే. రబ్బరు గుడ్డ లేదు కానీ, లాలాజలం పీల్చే గొట్టం పెట్టి, దూది ఆరుసార్లు మార్చి, గంట సేపు చేసినాడంట ఆ డాక్టరు. పెదవి మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తా ఉండె నిన్నంతా అని నవ్వింది. దారం ఎట్ల దిగుతోందని అడిగినాను. "టక్ మంటోందక్కా."

మిగిలిన రెండు వేళ్ళ చోటులో ఆమెది రాసినాను. పలమనేరు, 36, సందు, ఒక పన్ను. పక్కన చిన్నగా: బిళ్ళలు.